డిసెంబరు జ్వరం

బస్సు రాదని మాకు తెలుసు. అయినా పొద్దున ఎనిమిదింటికల్లా ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర నిలబడేవాళ్ళం, నేనూ సుబ్బులూ. అది రెండు వేల తొమ్మిది డిసెంబరు, తెలంగాణ ఉద్యమం రోజులు. ఒకరోజు బంద్, ఇంకోరోజు రాస్తారోకో. ఏదీ లేని రోజున సగం బస్సులే తిరిగేవి, ఆ సగంలో ఘట్‌కేసర్ వైపు పోయేవి ఎన్నో డిపో వాళ్ళకే తెలియాలి. ఘట్‌కేసర్ దాటాక ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలో మేమిద్దరం ఆ ఏడే ఫస్టియర్‌లో చేరాం.

రాని బస్సు కోసం నిలబడటం మా నాయిన పెట్టిన రూలు. "బస్సు రాకుంటే బస్సు తప్పు. నువ్వు పోకుంటే నీ తప్పు," అనేవాడు. మా నాయిన బుచ్చిరాములు నాచారంలో కరెంటు వైర్లు తయారుచేసే కంపెనీలో మిషను మీద పనిచేసేవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు కూడా గేటు దగ్గర లేటు అనిపించుకోలేదు. అలాంటి మనిషికి బిడ్డగా పుడితే చలిలో నిలబడక ఏం చేస్తాం?

పదిన్నర దాకా చూసి వెనక్కి వచ్చేవాళ్ళం. ఆ రెండున్నర గంటల్లో సుబ్బులు నాకు లెక్కలు చెప్పేది. ఇద్దరమూ తెలుగు మీడియం వాళ్ళమే కానీ లెక్కల్లో అది నాకంటే మేలు. ఆ సంగతి ఒప్పుకోవడం నాకు అప్పుడూ కష్టమే, ఇప్పుడూ కష్టమే. మధ్యలో మా కాలేజీ పసుపు బస్సు మా ముందు నుంచే వెళ్ళేది, రాళ్ళు పడతాయనే భయంతో కిటికీలకు తెరలు వేసుకుని. దానికి వేరే ఫీజు, మేమిద్దరం కట్టలేదు. అందులో మా ఇంటి ఓనరు గారి అమ్మాయి ధనశ్రీ ఉండేది. సుబ్బులు రోజూ ఆ బస్సుకు చెయ్యి ఊపేది.

"ఎవ్వలకే ఊపుతున్నవ్?" అంటే "తెరలకు" అనేది.

సుబ్బులు వాళ్ళ నాయిన మొగిలయ్యకూ మా నాయినకూ మాటల్లేవు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే కంపెనీలో, పక్కపక్క మిషన్ల మీద పనిచేసినవాళ్ళే. నాలుగేళ్ళ కింద మొగిలయ్య వరికోతలకని జనగామ దగ్గర సొంతూరికి పోయి పదిహేను రోజులు ఉండి, వస్తూ వస్తూ జ్వరమొచ్చిందని ఊరి డాక్టరుతో కాగితం రాయించుకొచ్చాడు. అది దొంగ కాగితమని తేలింది. కంపెనీ ఇంక్వైరీలో మా నాయిన నిజం చెప్పాడు. మొగిలయ్య నౌకరీ పోయింది. అప్పటి నుంచి ఉప్పల్ స్టేడియం రోడ్డులో కొబ్బరి బొండాలు అమ్ముకుంటున్నాడు.

మా ఇంట్లో ఆ మాట ఎత్తితే నాయిన "అడిగిన్రు, జెప్పిన" అని రెండు ముక్కలతో తేల్చేసేవాడు. అమ్మ వెంకటనర్సమ్మ మాత్రం చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకునేది, తన మొగుడు దోస్తు కోసమైనా అబద్ధమాడడని. మాకు, అంటే నాకూ సుబ్బులుకూ, ఆ గొడవ పట్టలేదు. బస్టాపులో నిలబడేటప్పుడు పక్కన మాట్లాడే మనిషి ఉండాలి కదా.

మార్చిలో నోటీసు బోర్డు మీద షార్టేజీ లిస్టు పెట్టారు. డెబ్బై ఐదు శాతం హాజరు లేనివాళ్ళందరి పేర్లూ అందులో ఉన్నాయి. నాకు అరవై ఎనిమిది, సుబ్బులుకు డెబ్బై. ధనశ్రీకి అరవై ఆరే! గొడవలకు భయపడి వాళ్ళమ్మానాన్నలు దాన్ని మూడు వారాలు విజయవాడలో మేనమామ ఇంట్లో ఉంచారు. నాకంటే తక్కువ వచ్చిందని చూసి లోపల కొంచెం సంతోషమేసింది, అబద్ధమెందుకు ఆడాలి.

ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా ఉమామహేశ్వర్ సారు తల ఎత్తకుండానే చెప్పాడు. "అరవై ఐదు పైన ఉన్నోళ్ళు మెడికల్ పెట్టుకోన్రి. శనివారం లాస్టు."

మా ముందువాళ్ళంతా సరే సార్, సరే సార్ అని ఫారాలు తీసుకుని వెళ్ళిపోయారు. ఒక్కరు కూడా మారు మాట అడగలేదు. మా వంతు వచ్చింది.

"మాకు జరమేం రాలేదు సార్," అంది సుబ్బులు. "బస్సులు రాలే."

ఉమామహేశ్వర్ సారు అప్పుడు తలెత్తాడు. చెడ్డవాడు కాదు, పని ఎక్కువైన మనిషి. ఫారం మా వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. "జబ్బు పేరు. తారీఖు నుంచి తారీఖు దాంక. డాక్టరు సంతకం, తండ్రి సంతకం. గింతే ఉన్నది. బస్సు రాలేదని రాయనీకె ఇండ్ల జాగలేదు తల్లీ. జర పక్కకు జరుగున్రి."

వెనకాల ఎవరో నవ్వారు. చేతిలో ఫారాలతో మేం జరిగాం. మెడికల్ పెట్టుకోవడమంటే జబ్బు పడినవాళ్ళు పెట్టుకునేదని మేం అనుకున్నాం. అనుకోక? మాకు ఇంట్లో, బడిలో అలాగే తెలుసు మరి. జబ్బు పడ్డవాళ్ళకు ఒక దారుంది, మనకు లేదు అనుకుంటూ బస్సెక్కాం. దారి లేకపోతే ఏమవుతుందో మాత్రం ఇద్దరికీ బాగా తెలుసు. పరీక్ష రాయనివ్వరు. వచ్చే ఏడు కొత్తగా వచ్చినవాళ్ళతో కలిసి మళ్ళీ ఫస్టియరే చదవాలి. చదివిన ఏడాదే మళ్ళీ చదివితే సర్కారు ఫీజు ఇవ్వదు. మా ఇళ్ళల్లో అయితే చదువు అక్కడితో సరి.

ఆ సాయంత్రమే ఛాయాదేవి ఆంటీ మెట్లు దిగి వచ్చింది. ధనశ్రీ వాళ్ళమ్మ. వాళ్ళది కృష్ణా జిల్లా, అంకుల్ చిదంబరం గారు రైల్వేలో క్లర్కు. పైన వాళ్ళు, కింద వెనక వాటాలో మేము. ఆంటీ మంచిది. నా పుస్తకాల్లో సగం ధనశ్రీకి కొన్నప్పుడు నాకూ కొనిచ్చినవే.

"ఏమ్మా కావ్యా, నీ పేరు కూడా ఉందటగా లిస్టులో? ధనకి పచ్చకామెర్లని రాయించేశాను. నీకు టైఫాయిడ్ అని రాయిద్దాం. ఇద్దరికీ ఒకే జబ్బయితే బావుండదు. డాక్టరు గారు మావారికి తెలిసినాయనే," అంది, కూరలోకి కరివేపాకు ఇచ్చినంత మామూలుగా.

నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న నాయిన చెంబు కింద పెట్టాడు.

"పిల్లకు జరం రాలేదమ్మా," అన్నాడు.

"రాలేదులెండి. కాగితమే కదా బుచ్చిరాములు గారూ. అందరూ పెట్టేదే."

"మా కంపెనీల గీ కాగితానికే ఒకని నౌకరి పోయింది."

"అయ్యో, అది కంపెనీ, ఇది కాలేజీ. ఇక్కడ ఎవరూ చూడరండీ."

"ఏడైనా కాగితం కాగితమే గదమ్మా," అని నాయిన మళ్ళీ చెంబు అందుకున్నాడు. ఆంటీ నా వైపు చూసి పైకి వెళ్ళిపోయింది.

అమ్మ ఊరుకోలేదు. "పిల్ల సదువు పోతది. గంత పట్టుదల ఎందుకు? ఒక్క కాగితం పెడితే నీ సొమ్మేం బోయె?"

"పోతే పోనీ," అన్నాడు నాయిన. అంతలోనే గొంతు మారింది. "నేను ఒకని కడుపు గొట్టిన. గదే దొంగ కాగితం నా బిడ్డకు పెట్టి, రేపు మొగిలయ్య ముందట ఏం మొఖం పెట్టుకొని నడువాలె? రేపెల్లుండి నేనే కాలేజీకి పోత. ఉన్నదున్నట్టు రాసిస్త. వాండ్లు మాత్రం మనుషులు గాదా?"

ఉన్నదున్నట్టు రాసిస్తాడట! రాయడానికి చోటే లేదని చెప్పినా వినడే! నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆరోజు తల మీదికెక్కింది. అన్నం తినలేదు. నాయిన నిజాయితీ నాయినకు ముద్దు, దానికి నా చదువెందుకు బలి కావాలి అని దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

బుధవారం పొద్దున నాయిన డ్యూటీకి పోగానే మెట్లెక్కి ఆంటీ ముందు నిలబడ్డాను. ఆమె వెంటనే చెప్పులు వేసుకుంది. హబ్సిగూడలో చిన్న క్లినిక్. డాక్టరు నా నాలుక చూడలేదు, చెయ్యి పట్టుకోలేదు. పేరు, వయసు అడిగి, "ఎన్నాళ్ళు?" అన్నాడు.

"డిసెంబరు తొమ్మిది నుంచి ఇరవై రోజులు సరిపోతాయండీ," అని ఆంటీయే చెప్పింది. నా జ్వరం అలా మొదలై అలా తగ్గిపోయింది.

తిరిగి ఆటోలో వస్తుంటే ఆంటీ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఎవరికీ చెప్పకు తల్లీ. క్లాసంతా ఆయన దగ్గర్నించే తెస్తే అనుమానం వస్తుంది. ఆయనకీ మాటొస్తుంది." సరే ఆంటీ అన్నాను. సుబ్బులు గుర్తుకు రాలేదని చెప్పను. వచ్చింది. అయినా సరే అనే అన్నాను.

ఇక మిగిలింది తండ్రి సంతకం. మా నాయిన తెలుగులో పెడతాడు, మొదటి అక్షరం పెద్దగా, చివరి అక్షరం కింద ఒక గీత. నోటుబుక్కు వెనక పేజీలో పదకొండు సార్లు రాసి చూసుకుని పన్నెండోది ఫారం మీద పెట్టాను. కాలేజీకి పోయి ఫారం ఇచ్చేసి క్లాసులోకి వచ్చాను. ఇంత లేటేందే అని సుబ్బులు అడిగితే కడుపునొప్పి అన్నాను. ఆ వారంలో నాకు అది రెండో జబ్బు.

గురువారం ల్యాబులో ఉండగా అటెండరు వచ్చి ఆఫీసులో పిలుస్తున్నారన్నాడు. వెళ్ళేసరికి కిటికీ ముందు మా నాయిన! పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. నా కోసం డ్యూటీ మానుకున్నాడు. నన్ను చూసి నవ్వాడు, పని అయిపోయినట్టే అనే నవ్వు.

ఉమామహేశ్వర్ సారు ముందు రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి నాది. రెండోది మా నాయిన సొంత చేత్తో రాసుకొచ్చింది. గుండ్రటి అక్షరాలు. నాకు ఇప్పటికీ అందులో ప్రతి మాటా గుర్తుంది.

"అయ్యా, నా కూతురు కావ్యకు ఏ జబ్బు రాలేదు. బస్సులు నడవనందున కాలేజీకి రాలేకపోయినది. ప్రతి దినము బస్టాపుకు పోయినది. అందుకు నేనే సాక్షి. దయతో పరీక్ష రాయనివ్వగలరు. ఇట్లు, బుచ్చిరాములు."

"పెద్దమనిషీ," అన్నాడు ఉమామహేశ్వర్ సారు, నెమ్మదిగా. "రెండు సంతకాలు నీయేనా?"

నాయినకు కాగితం ఇంగ్లీషులో ఉన్నా కింద తెలుగులో ఉన్న సంతకం తెలుస్తుంది కదా. కిటికీలోంచి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నేల చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. నా సంతకమే ఆయన దానికంటే కుదురుగా ఉంది. ఆయన నా వైపు తిరగలేదు.

"ఇంతకు పిల్లకు జరమొచ్చిందా, రాలేదా?" అన్నాడు సారు.

"వచ్చింది సారు," అన్నాడు మా నాయిన.

"రాలేదు సార్," అన్నాను నేను.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. ఉమామహేశ్వర్ సారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. మా నాయినను చూశాడు, నన్ను చూశాడు. "తండ్రీబిడ్డలు బయటికి పోయి ఒక్క మాట అనుకోని రాన్రి. నేను చాయ్ తాగొస్త," అని లేచాడు.

బయట మెట్ల మీద కూర్చున్నాం. మార్చి ఎండ అప్పుడే మాడుస్తోంది. నేను ఏడుపు మొదలుపెట్టాను.

"సంతకం మంచిగ పెట్టినవ్," అన్నాడు నాయిన.

తిట్టినా బాగుండేది. "నేనే దొంగ సంతకం పెట్టిన అని సారుకు జెప్త నాయినా. నువ్వు అబద్ధమాడకు. నీకెందుకది?"

"జెప్తే ఏమైతది? నువ్వూ పోతవు, నీ సదువూ పోతది." భుజం మీది తువ్వాలు తీసి నాకిచ్చాడు. ఎదురుగా సైకిల్ స్టాండు వైపు చూస్తూ అన్నాడు. "ఒక మాట జెప్త. మీ అమ్మకు గూడ తెల్వదు. మొగిలయ్య ఊరికి పోయినప్పుడు సూపర్‌వైజరు నన్ను జరమొచ్చిందా అని అడుగలే. మొగిలయ్యకు ఎట్లున్నది అన్నడు, గంతే. మంచీచెడ్డా మందలిచ్చిండు. మంచిగున్నడు సార్, వరికోతల కాడ మస్తు పనుల ఉన్నడు అన్న నేను. నవ్వుకుంట జెప్పిన బిడ్డా. వాడు జరమని కబురు పంపిన సంగతే నాకు యాదిలేదు."

నేను ఏడుపు ఆపేశాను.

"నోరు జారిన. అటెన్క ఇంక్వైరీల మాట మార్సలేకపోయిన, నా నౌకరి పోతదని భయమైంది. నిజం జెప్పిండు, నిజం జెప్పిండని అందరు అనవట్టిరి. నేను గూడ గట్లనే అనుకున్న. అనుకుంటేనే నిద్రవట్టేది."

నాలుగేళ్ళుగా మా ఇంట్లో దేవుడి పటం పక్కన ఉండాల్సినంత పెద్ద సంగతి అది, మా నాయిన నిజం. అది ఒక నవ్వులోంచి జారిపడిందని ఆ మెట్ల మీద తెలిసింది. నాకు ఆయన మీద కోపం రాలేదు. జాలేసింది. ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను కూడా.

లోపలికి వెళ్ళాక నాయినే మాట్లాడాడు. "జరమొచ్చింది సారు. ఇరవై దినాలు. నేను డ్యూటీలల్ల పడి మర్శిపోయిన."

ఉమామహేశ్వర్ సారు నా ఫారం మీద ముద్ర వేశాడు. నాయిన రాసిన కాగితం మడిచి కిటికీలోంచి తిరిగి ఇచ్చాడు. "దీని మీద ఇంక ఆఫీసు నంబరు వెయ్యలే, రానట్టే లెక్క. జేబుల పెట్టుకో," అన్నాడు.

వచ్చేటప్పుడు ఉప్పల్‌లో దిగాం. నాచారం బస్సు ఎదురుగానే ఉంది. నాయిన ఎక్కలేదు. "నడువు," అని స్టేడియం రోడ్డు పట్టాడు.

మొగిలయ్య బండి దగ్గర ఒక్కడే ఉన్నాడు, బొండాల గెల విడదీస్తున్నాడు. మమ్మల్ని చూశాడు, చూడనట్టు కత్తి ఆడిస్తూనే ఉన్నాడు.

"మొగిలయ్యా," అన్నాడు నాయిన. నాలుగేళ్ళ తర్వాత మొదటి మాట. "నా బిడ్డకు టైఫాయిడని కాగితం పెట్టిన. రాలేదు. అయినా పెట్టిన. వాండ్లు ఒప్పుకున్నరు. సుబ్బులు పేరు గూడ లిస్టుల ఉన్నదట. శనివారం దాంక టైమున్నది. డాక్టరు ఎవ్వరో ఈ పిల్లకు తెలుసు. నీకేం ఫికర్ లేదు, పొద్దుగాల నేనే తోల్కపోత."

ఆంటీకి ఇచ్చిన మాట అక్కడికక్కడే గాలికి పోయింది. పోతే పోనీ అనుకున్నాను. మొగిలయ్య మా వైపు తిరిగాడు. రెండు బొండాలు కొట్టి ఒకటి నాకు, ఒకటి నాయినకు ఇచ్చాడు. ఎంత వైరమున్నా బండి దగ్గరికి వచ్చినవాళ్ళను ఉత్తగా నిలబెట్టే మనిషి కాదు. తర్వాత అడిగాడు.

"ఎన్ని దినాలని రాసిన్రు?"

"ఇరవై."

"నాయి పదిహేనే ఉండె," అన్నాడు మొగిలయ్య.

నాయిన బొండం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "అది కంపెనీ, ఇది కాలేజీ మొగిలయ్యా. ఈడ ఎవ్వరు సూడరు," అన్నాడు. మా వాకిట్లో ఛాయాదేవి ఆంటీ అన్న మాటే.

"నాకు రాసిచ్చిన డాక్టరు గూడ గట్లనే అన్నడు, ఎవ్వరు సూడరని. ఇగ సూడు, నా బిడ్డకు డెబ్బై ఉన్నయట. నీ బిడ్డ కంటె రెండు ఎక్కువనే. దొంగ కాగితం దాని చేతుల పెట్టి, రేపు నువ్వే పోయి ఆఫీసుల జెప్తే?"

"నేనెందుకు జెప్త?"

"గప్పుడు గూడ జెప్పవనే అనుకున్న," అన్నాడు మొగిలయ్య. కోపంగా కూడా అనలేదు.

నోరు జారిందని నాయిన చెబుతాడేమో అని చూశాను. చెప్పలేదు. చెప్పినా ఏం లాభం, నాలుగేళ్ళు బొండాలు కొట్టిన మనిషికి? నీళ్ళన్నీ తాగి, బొండం కుప్పలో వేసి, "పిల్లకైన జెప్పు," అన్నాడు.

"నా బిడ్డకు నేను జెప్పుకుంట," అన్నాడు మొగిలయ్య.

శుక్రవారం క్లాసులో సుబ్బులు నా పక్కనే కూర్చుంది. శనివారం కూడా. నేనే చెప్పవచ్చు. సాయంత్రం ఐదు దాకా టైముంది, హబ్సిగూడ పోయి రావడానికి గంట చాలు. వాళ్ళ నాయిన చెప్పే ఉంటాడు, అది వద్దనుకుని ఉంటుంది, మధ్యలో నేనెవరిని అని నాకు నేను చెప్పుకున్నాను. నా దొంగ కాగితం సంగతి దాని ముందు ఒప్పుకోవడానికి సిగ్గేసింది. అసలు సంగతి అదీ. రెండు రోజుల్లో అది నాకు చెప్పిన లెక్కలు మాత్రం శ్రద్ధగా రాసుకున్నాను.

సోమవారం ఆఖరి లిస్టు పెట్టారు. ఫస్టియర్ మొత్తానికి పదమూడు పేర్లు. అన్నీ మా బస్టాపుల్లో చూసిన ముఖాలే, బోడుప్పల్, నారపల్లి, ఉప్పల్‌లో ఎక్కేవాళ్ళు. పసుపు బస్సు వాళ్ళలో ఒక్కరి పేరు లేదు. ధనశ్రీ పేరు లేదు, నా పేరు లేదు. తొమ్మిదో పేరు సుబ్బులుది.

ఆ పదమూడు మందిలో మళ్ళీ వచ్చి చేరినవాళ్ళు ఇద్దరు. మిగతా వాళ్ళ పేర్ల ఎదుట రిజిస్టరులో "స్వచ్ఛందంగా మానుకున్నారు" అని రాశారు. నేను నాలుగేళ్ళలో చదువు పూర్తి చేశాను. ఆ మరుసటేడే రాష్ట్రమూ వచ్చింది, నాకు ఉద్యోగమూ వచ్చింది. మా నాయిన మాత్రం ఆ ఎండాకాలం నుంచి ఇంకో మనిషయ్యాడు. ఎవరు ఎవరి గురించి అడిగినా, ఎట్లున్నడు అన్నా కూడా, "నాకెరికలేదు" అంటాడు. అమ్మ ఎవరికీ ఆయన గొప్ప చెప్పడం లేదు, ఎందుకో ఆమెకూ తెలియదు. నన్ను చిన్నప్పటి నుంచి దేనికైనా "నిజం జెప్పు" అని నిలదీసే నాయిన, మళ్ళీ ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

లిస్టు పెట్టిన ఆ సోమవారం సాయంత్రం సుబ్బులూ నేనూ ఎప్పటిలాగే కాలేజీ గేటు నుంచి బస్టాపు దాకా నడిచాం. అది ఏడవలేదు. బస్టాపులో నిలబడ్డాక అడిగింది.

"నీ పేరు లేదేందే?"

"మెడికల్ పెట్టిన."

"ఏమైండె నీకు?"

వాళ్ళ నాయిన చెప్పలేదని అప్పుడర్థమైంది. ఒక్క ముక్క కూడా చెప్పలేదు. నిజం చెప్పడానికి అదే చివరి సందు. నా నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే.

"టైఫాయిడ్."

"ఎప్పుడు?"

"డిసెంబర్ల."

సుబ్బులు నా ముఖంలోకి చూసింది. దాని ఎత్తిపొడుపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది ఎత్తిపొడుపు కాదు. ఆలోచిస్తోంది, రోజులు గుర్తు చేసుకుంటోంది.

"డిసెంబర్ల దినాం మనం ఉప్పల్ రింగు కాడనే ఉంటిమి గదనే," అంది. "జరంతోని నిలబడ్డవా? గంత చలిల? నాకొక్క మాటన్న జెప్పకపోతివి. నేనేమో లెక్కలు, లెక్కలని నిన్ను సతాయిస్తి."

అని చెయ్యి చాపి నా నుదురు మీద పెట్టి చూసింది. ఆ రోజు బస్సు టైముకే వచ్చింది.